‘వద్దు’ అనే మాట ముందు ఇంట్లో చెల్లాలి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి విషయం క్లుప్తంగా చెప్తాను. మిర్యాలగూడ దగ్గర ఊరు. బాబుకు పదిహేనేళ్లు, పదో తరగతి. నెమ్మదస్తుడు, మార్కులు బాగానే వస్తాయి. ట్యూషన్ అని చెప్పి దోస్తులతో సాగర్ ఎడమ కాలువకు ఈతకు పోయాడు. వాడికి ఈత సరిగా రాదు. అంతకుముందు నెల ఎవరిదో బర్త్‌డే అని వాళ్లమ్మ ఫోన్‌పే నుంచి ఆరు వందలు కొట్టాడు. గట్టిగా అడిగితే ‘వాళ్లు రమ్మన్నరు, కాదనలేకపోయిన’ అన్నాడు. మీరు నాలుగు తగిలించారు. అప్పటి నుంచి మీతో మాట్లాడటం లేదు. ‘వీడికి నోరు తెరిచి వద్దు అనడం ఎట్లా నేర్పాలి, ఆ దోస్తులను మాన్పించమంటారా’ అన్నది మీ ప్రశ్న. కాలువకు పోయినవాళ్లలో ఒక పిల్లాడు నీళ్లలోకి దిగలేదని, గట్టు మీద అందరి బట్టల దగ్గర కూర్చున్నాడని కూడా ఒక ముక్క రాశారు. ఆ పిల్లాడి గురించి చివర్లో మాట్లాడదాం.

నేను ఈ జిల్లాలో 26 ఏళ్లు సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పాను. కొన్నేళ్లు హాస్టల్ కూడా చూసుకున్నాను. ఇప్పుడు ఎనిమిది నుంచి ఇంటర్ దాకా పిల్లలతో ఇవే విషయాలు మాట్లాడుతుంటాను. అటు దేవరకొండ, ఇటు జడ్చర్ల, ఎక్కడికి పోయినా తల్లిదండ్రులు ముందు అనే మాట ఒకటే: ‘ఎంత చెప్పినా అర్థమైతలేదు మేడం.’

వాడికి అర్థమైంది. కాలువ ప్రమాదమని మీ బాబుకు తెలుసు. లైనింగ్ చేసిన చోట గోడ వాలుగా ఉంటుంది, పాచి పట్టి ఉంటుంది, నీళ్లు వదిలినప్పుడు కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇదంతా వాడు మీకే చెప్పగలడు. అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీలో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డనర్ అనే ఇద్దరు 2005లో అచ్చువేసిన ఒక పరిశోధన ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో కంప్యూటర్ మీద కారు ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఇంకాస్త ముందుకు పోతే ఎక్కువ పాయింట్లు వస్తాయి, కానీ ఏ క్షణాన గోడ అడ్డం వస్తుందో తెలియదు. దోస్తులు పక్కన నిలబడి చూస్తుంటే 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒక్కరే ఆడినప్పటికంటే చాలా ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్లకు మాత్రం పక్కన ఎవరున్నా పెద్దగా తేడా రాలేదు. పిల్లల తెలివిలో లోటేమీ లేదు, పక్కన దోస్తులుంటే ఆ తెలివి పనిచేయడం తగ్గుతుంది. అందుకే అన్నం తినేటప్పుడు మీరు చెప్పిన ప్రమాదాల చిట్టా కాలువ గట్టు మీద వాడికి గుర్తుకు రాదు. అక్కడ వాడికి కావలసింది ఒక చిన్న మాట, ఆ మాట అనడానికి ముందే అలవాటు పడ్డ నోరు.

ఇదే స్టైన్‌బర్గ్ తర్వాత చేసిన మరో పరిశోధనలో, తోటివాళ్ల మాటకు తట్టుకుని నిలబడే శక్తి 14 నుంచి 18 ఏళ్ల మధ్య ఏటేటా పెరుగుతుందని తేలింది. అంటే మీ బాబు ఆ మెట్ల మీద కింది మెట్లలో ఉన్నాడు. కొంత దానంతటదే వస్తుంది. అప్పటిదాకా చేయి పట్టుకోవాలి, అంతే.

ఇంగ్లిష్‌లో దీన్ని అసర్టివ్‌గా ఉండటం అంటారు. తెలుగులో దీనికి ఒక్క మాట దొరకదు. దాని వ్యతిరేకానికి మాత్రం బ్రహ్మాండమైన మాట ఉంది: మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎంత మోటుగా చెప్తుందో మీకు తెలుసు, ఇక్కడ రాయను. చాలామంది నాన్నలు మొహమాటం పోగొట్టడమంటే కొట్లాడటం నేర్పడం అనుకుంటారు. ‘నువ్వు కూడ ఒకటి పీకు’ అని పంపిస్తారు. నెమ్మదిగా ఉండే పిల్లాడు అది చేయలేడు. చేయలేనందుకు ఇంకో నామోషీ మిగులుతుంది. నేను నేర్పేది దానికంటే చాలా చిన్నది. ఎదుటివాణ్ని తిట్టకుండా, మనం నలిగిపోకుండా, మనకు ఇష్టం లేనిది ఇష్టం లేదని చెప్పడం, చెప్పి అక్కడి నుంచి కదలడం.

అది చిన్నదే కానీ సులువు కాదు. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఇద్దరు మగపిల్లలను ముందుకు పిలిచి, ఒకడి చేతికి సుద్దముక్క ఇచ్చాను. అది సిగరెట్ అనుకోమన్నాను. రెండోవాడు వద్దనాలి. మొదటివాడు సుద్దముక్క చాపి ‘ఒక్క దమ్ము కొట్టు బే, ఏం గాదు’ అన్నాడు. రెండోవాడు ‘వద్దురా’ అన్నాడు. చూపు నేల మీద ఉంది. మొహం మీద నవ్వు ఉంది. నోరు వద్దంటుండగానే చెయ్యి ముందుకు పోయి సుద్దముక్క పట్టుకుంది. క్లాసంతా గొల్లుమంది. వాడు తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో వాడికి అర్థమైంది నేను గంటసేపు చెప్పినా అర్థమయ్యేది కాదు.

రెండోసారి వాడు సాకులు మొదలుపెట్టాడు. ‘పైసల్లేవు’ అంటే మొదటివాడు ‘నేనిచ్చిన కదా’ అన్నాడు. ‘మా నాయిన కొడ్తడు’ అంటే ‘తెల్వనియ్యం’. ‘వాసనొస్తది’ అంటే ‘సోంపు నములు’. మూడు సాకులు, మూడు జవాబులు, వాడి దగ్గర సరుకు అయిపోయింది. పిల్లలకు నేను ఇక్కడే ఆపి చెప్తాను: నువ్వు కారణం చెప్పిన ప్రతిసారీ ఎదుటివాడికి ఒక పని అప్పజెప్తున్నావు. ఆ కారణాన్ని తీసేస్తే నువ్వు ఒప్పుకోవాల్సిందే కదా. కారణం లేని మాటకు జవాబు చెప్పడం కష్టం. ‘నేను తాగను’ అంటే ఇక దేన్ని సరిచేస్తాడు? ‘ఎందుకు’ అంటే ‘తాగను, అంతే’. మళ్లీ అడిగితే మళ్లీ అదే, గొంతు పెంచకుండా. మూడోసారి కూడా అదే. అడిగేవాడికి విసుగు పుట్టాలి.

ఆ పిల్లాడు మూడోసారి చేతులు జేబులో పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. ‘నేను తాగనురా. బస్సుకు టైమైతుంది, వస్తున్నవా?’ అని తలుపు వైపు నాలుగు అడుగులు వేశాడు. చివరి ముక్క చూడండి, ‘వస్తున్నవా’. దోస్తీని తెంచలేదు, పనినే కాదన్నాడు. పిల్లల భయమంతా అక్కడే ఉంటుంది: వద్దంటే ఒంటరినైపోతానని. పదిహేనేళ్ల వయసులో ఆ భయం చావు భయం కంటే పెద్దది. మనం దాన్ని ‘గంతేనా’ అని కొట్టిపారేస్తే వాడు ఇంకేమీ చెప్పడు.

ఇంట్లో ఇది ఆటలా చేయొచ్చు. మీరు చెడ్డ దోస్తు వేషం వేయండి, నాన్నలు ఆ వేషం బాగా వేస్తారు. ‘మమ్మీ బాబు’, ‘మొగోనివేనా’, ‘నువ్వు రాకుంటె మజా రాదురా’, ‘నీ కోసమే ప్లాన్ చేసినం’ లాంటివి అసలైన మాటలు, అవే వాడండి. చివరి రెండూ మొదటి రెండింటికంటే ప్రమాదం. వెక్కిరిస్తే పిల్లాడికి రోషం వస్తుంది, బతిమాలితే కరిగిపోతాడు. ఒక్కసారి ఆడితే రాదు. ఐదారుసార్లకు గొంతులో వణుకు తగ్గుతుంది. ఫోన్ చూసుకుంటూనో, బండి తుడుస్తూనో ఆడండి. ఎదురెదురుగా కూర్చోబెడితే అది పంచాయితీ అయిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. మీకు కొంచెం కష్టంగా తగలొచ్చు. మీ ఇంట్లో వాడు చివరిసారి ‘వద్దు నాయినా’ అని ఎప్పుడన్నాడు? అన్నాక ఏమైంది?

వర్జీనియా యూనివర్సిటీలో జోసెఫ్ అలెన్ అనే ఆయన బృందం 150 మందికి పైగా పిల్లలను 13 ఏళ్ల నుంచి కొన్నేళ్లపాటు గమనించింది. పిల్లలు తల్లితో ఏదో ఒక విషయంలో వాదించుకుంటుంటే రికార్డు చేశారు. ఏడ్చి అరిచి గెలిచినవాళ్లు కాదు, రెండో నిమిషంలోనే సరే అని లొంగిపోయినవాళ్లూ కాదు, కారణం చెప్తూ తమ మాట మీద నిదానంగా నిలబడ్డ పిల్లలే రెండు మూడేళ్ల తర్వాత మందు, మత్తు విషయంలో దోస్తుల ఒత్తిడికి ఎక్కువగా తట్టుకున్నారు. నేను దీన్ని చదవకముందే మా హాస్టల్లో చూశాను. ‘మావోడు ఎంత చెప్తె అంత మేడం, ఎదురు మాట్లాడడు’ అని తల్లిదండ్రులు మురిసిపోయి అప్పజెప్పిన పిల్లలే ఎక్కువగా సీనియర్లకు పాన్ డబ్బా నుంచి పొట్లాలు మోసేవాళ్లు. ఎంత చెప్తే అంత చేయడం వాడికి బాగా వచ్చు. చెప్పేవాడు మారాడు, అంతే.

‘నాకే ఎదురు చెప్తవా’ అనే మాటను మన ఇళ్లలో రోజుకెన్నిసార్లు అంటామో లెక్కపెట్టుకోవాలి. ఎదురు చెప్పడం వేరు, ఎదిరించడం వేరు. రాత్రి తొమ్మిదికి బదులు తొమ్మిదిన్నరకు వస్తానని వాడు అడిగితే, ఎందుకో చెప్పమనండి. సబబుగా ఉంటే ఒప్పుకోండి. లేకుంటే కాదనండి. కానీ వాడి మాట ఒక్కసారైనా గెలవాలి. మాట్లాడితే పని జరుగుతుందని ఇంట్లో చూసినవాడే బయట నోరు తెరుస్తాడు.

దావత్‌ల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర దావత్‌లో ఒద్దన్న మనిషిని వదిలిపెడతారా? ‘మా ఇంట్ల ముట్టకపోతె ఎట్ల బావా, ఒక్క పెగ్గు, నా మీద ఒట్టు’ అని గ్లాసు చేతిలో పెట్టేదాకా ఊరుకోరు. వద్దన్న బావ కూడా రెండు నిమిషాలు బెట్టు చేసి, నవ్వుతూ తీసుకుంటాడు. అచ్చం సుద్దముక్క పిల్లాడిలాగే. పక్కన కూల్‌డ్రింక్ తాగుతూ మన పిల్లలు ఇదంతా చూస్తుంటారు. పండుగకు కల్లు తెచ్చినప్పుడు పన్నెండేళ్ల పిల్లాడికి ‘మనోడు పెద్దోడైండు’ అని ఒక గుక్క పోసే తాతలు, మామలు ఉన్నారు. అది ప్రేమే అనుకుంటారు. వద్దంటే వదలకపోవడం ప్రేమ అని మనం నేర్పితే, అదే ప్రేమ దోస్తులు చూపించినప్పుడు వాడు ఏం చేయాలి? మీరు ఈసారి దావత్‌లో ఒక్కసారి ‘వద్దు బావా’ అని చివరిదాకా నిలబడి చూపించండి, నా క్లాసులు పది దానికి సరిపోవు. (మా ఇంట్లో పెళ్లిళ్లలో స్వీట్ల విషయంలో నేనే నిలబడలేను, షుగర్ ఉండి కూడా. కాబట్టి ఎంత కష్టమో నాకు తెలుసు.)

మీరు కొట్టిన విషయం. జరిగింది జరిగింది. నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. హాస్టల్ చూసుకునే రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు వచ్చి, ఇంటర్ పిల్లలు తనతో గుట్కా తెప్పించుకుంటున్నారని చెప్పాడు. నాకు కోపం ఆగలేదు. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందు ఆ పెద్ద పిల్లలను నిలబెట్టి కడిగేశాను. చెప్పింది ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఆ ఏడాదంతా ఆ పిల్లాడి పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. ఆ తర్వాత వాడు నాతో ఒక్క విషయం చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. నోరు తెరిచినందుకు వాడికి దొరికింది అది. మీ బాబు కూడా ‘కాదనలేకపోయిన’ అని నిజమే చెప్పాడు, నిజం చెప్పాకే దెబ్బలు పడ్డాయి. ఒకసారి పక్కన కూర్చుని, ‘కాలువ అనంగనే నాకు భయమైంది, అందుకే చెయ్యి లేచింది, అది తప్పు’ అనండి. నాన్న పరువేమీ పోదు. పెద్దవాడు తన తప్పును తానే ఎట్లా చెప్పుకుంటాడో వాడు మొదటిసారి చూస్తాడు.

ఇరుక్కుపోయినప్పుడు బయటపడే దారి కూడా ఒకటి వాడి చేతిలో ఉండాలి. ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకోండి. వాడు మీకు వాట్సాప్‌లో ‘తాతకు మందులు తెచ్చినవా’ అని పెడితే, మీరు వెంటనే ఫోన్ చేసి, పక్కనున్నవాళ్లకు కూడా వినబడేట్టు ‘ఎక్కడున్నవ్, జల్ది ఇంటికి రా’ అని గద్దించాలి. వాడు ‘మా నాయినతోని ఇదే లొల్లిరా’ అని మిమ్మల్ని నాలుగు తిట్టుకుంటూ లేచి వస్తాడు. తిట్టుకోనివ్వండి. సాకులు పనిచేయవన్నాను కదా, ఇది ఎట్లా పనిచేస్తుందంటారేమో. అక్కడే నిలబడి చెప్పే సాకు పనిచేయదు, కాళ్లను కదిలించే సాకు పనిచేస్తుంది. షరతు ఒకటే. ఆ రాత్రి ‘ఎవరున్నరు, ఏం చేస్తున్నరు’ అని పోలీసు ప్రశ్నలు వేయకూడదు. తెల్లారి వాడే చెప్తాడు, చెప్పకపోయినా మళ్లీ ఆ మెసేజ్ పెడతాడు. ఒక్కసారి సోదా చేశారో, ఆ దారి మూసుకుపోయినట్టే.

ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకు ఒక మాట. ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచి ‘మెల్లగ మాట్లాడు’ అని చెప్పి, పదహారేళ్లకు ‘ఎవడన్న ఏమన్న అంటే గట్టిగ చెప్పాలె’ అంటాం. ఆ గట్టి గొంతు ఎక్కడి నుంచి తెస్తుంది పాపం? వాళ్లకు ఎక్కువగా వచ్చే ఒత్తిడి ‘నా మీద నమ్మకం లేదా, ఒక్క ఫోటో పంపు’ అన్నది. దీనికి జవాబు నమ్మకం గురించి వాదించడం కాదు. ‘నమ్మకముంది. ఫోటో పంపను.’ రెండు వేర్వేరు వాక్యాలు, మధ్యలో ‘కానీ’ కూడా అక్కర్లేదు. ఒకవేళ ఫోటో ఇప్పటికే పోయి, దాన్ని అడ్డం పెట్టుకుని ఎవడైనా బెదిరిస్తుంటే మాత్రం పిల్లను తిట్టే సమయం అది కాదు. చాట్లు డిలీట్ చేయకుండా ఉంచి, సైబర్ నేరాల నంబర్ 1930కి గానీ, పోలీసుల షీ టీమ్స్‌కు గానీ చెప్పండి. పద్దెనిమిది లోపు పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఎప్పుడైనా ఉంది.

అన్నిటికీ ‘నువ్వే గట్టిగా చెప్పు’ అని పిల్లల మీద వదిలేయకూడదు కూడా. సీనియర్లు డబ్బులు గుంజడం, కొడతామని బెదిరించడం దోస్తుల ఒత్తిడి కాదు, దౌర్జన్యం. ర్యాగింగ్ మీద ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అక్కడ పెద్దవాళ్లు పోవాలి, పిల్లాడు కాదు. బడికి 100 గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని, పద్దెనిమిది లోపు పిల్లలకు అసలే అమ్మకూడదని 2003 చట్టం చెప్తోంది. పిల్లలకు మందు, పొగాకు ఇచ్చేవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు పడొచ్చని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. బడి పక్కన పాన్ డబ్బా దగ్గర మీ బాబు ఒక్కడే పోరాడాలనడం అన్యాయం, నలుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్‌మాస్టర్ దగ్గరికి పోవాలి.

బండి సంగతి మీరు రాయలేదు కానీ పదో తరగతి అయ్యాక అదే వస్తుంది. ట్రిపుల్స్ పోదాం, హైవే మీద రీల్ తీద్దాం అంటారు. ఇక్కడ చావు గురించి చెప్తే పిల్లలు వినరు. లైసెన్సు గురించి చెప్తే వింటారు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. క్లాసులో ఈ చివరి ముక్క చెప్పినప్పుడు మగపిల్లల మొహాలు చూడాలి. దోస్తుల ముందు చెప్పుకోవడానికి కూడా అది నామోషీ లేని మాట: ‘ఇరవై అయిదు దాక నడుచుకుంట తిరగాల్నా? నేను రాను.’

పిల్లాడు మాటలు బాగా తగ్గించి, నిద్ర, తిండి కూడా తగ్గితే, లేదా డబ్బులు పదేపదే మాయమవుతుంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చివాళ్లకే అది అనుకోవద్దు. టెన్షన్‌తో నిద్ర పట్టని తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, దోస్తులను మాన్పించాలా అని. వద్దు. మాన్పించలేరు కూడా. ఒకే బడి, ఒకే బస్సు. మీరు మాన్పిస్తే వాడు దాచిపెట్టి తిరుగుతాడు.

సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో చేసిన ప్రయోగం ఒకటి నేను ప్రతి క్లాసులో చెప్తాను. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదని అడుగుతారు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తారు. ఆ సంగతి తెలియనివాడు పాపం ఒక్క కాలేజీ కుర్రాడే. కళ్లెదుట గీత కనబడుతున్నా, అట్లా కూర్చోబెట్టిన కుర్రాళ్లు గుంపు తప్పు చెప్పిన ప్రశ్నల్లో మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పే చెప్పారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. తర్వాత ఆష్ ఒక చిన్న మార్పు చేశాడు. ఆ గుంపులో ఇంకొక్కణ్ని నిజం చెప్పమన్నాడు. ఒక్కణ్నే. లొంగిపోవడం అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది.

అందుకే మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది. ఆ గట్టు మీద కూర్చున్న పిల్లాడు. అందరూ దిగినా వాడు దిగలేదు, అట్లాగని అలిగి ఇంటికి కూడా పోలేదు. బట్టలు చూస్తానని కూర్చున్నాడు. గుంపులోనే ఉన్నాడు, నీళ్లలో లేడు. వాడికి ఎవరు నేర్పారో గానీ, నేను నేర్పాలనుకునేదంతా వాడికి వచ్చు. మీ బాబు ఆ రోజు వాడి పక్కన కూర్చుని ఉంటే ఇద్దరయ్యేవాళ్లు. ఇద్దరు ఒద్దనుకున్నాక మిగతావాళ్లు ‘మమ్మీ బాబు’ అని అనడం కూడా కష్టమే.

వాడి పేరేంటో మీ బాబును అడగండి. ఈ ఆదివారం భోజనానికి రమ్మనండి. కాలువ మాట ఎత్తకండి, నీతులు అసలే వద్దు. కోడికూర వండి పెట్టి, ఇద్దరినీ మాట్లాడుకోనివ్వండి.